పుస్తకాల ఇల్లు ఎవరు కట్టించినారు?

హిందూపురం నుండి లేపాక్షికి పోయే బస్సులో ఎవరినైనా కదిలించి చూడండి. వీరభద్రస్వామి గుడి ఎవరు కట్టించినారంటే అక్షరం ముక్క రాని అవ్వ కూడా విరూపణ్ణ కథ ఎత్తుకుంటుంది. పెనుకొండ ఖజానా సొమ్ము రాజును అడగకుండా గుడికి పెట్టినాడనీ, రాజు కళ్ళు పీకించమన్నాడని తెలిసి తనే పీకేసుకుని గోడకు కొట్టినాడనీ, ఆ ఎర్రటి మరకలు ఇప్పటికీ గోడమీద ఉన్నాయనీ, అందుకే కల్యాణ మండపం సగంలోనే నిలబడిపోయిందనీ పూసగుచ్చినట్టు చెప్తుంది. చరిత్రకారులు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా కథ మాత్రం నాలుగు వందల ఏళ్ళకు పైగా నోటినుండి నోటికి నడుస్తూనే ఉంది.

అదే అవ్వను "మీ ఊళ్ళో లైబ్రరీ ఎవరు కట్టించినారవ్వా?" అని అడగండి. "గవర్మెంటోళ్ళు కట్టిచ్చింటార్లే నాయనా" అంటుంది.

అవ్వనెందుకు అనాలి? మన డిగ్రీ తరగతిలో అడిగినా అదే జవాబు. రెండేళ్ళ కిందటి దాకా నేనూ అదే చెప్పేవాణ్ణి. గవర్నమెంటు అనే మాట మనకు ఎంత సులువైపోయిందంటే, ఊళ్ళో ఏ గోడ కనిపించినా దాని వెనక ఒక మనిషి ఉండి ఉంటాడనీ, ఆ మనిషికి ఒక కారణం ఉండి ఉంటుందనీ తోచనే తోచదు. గుడికి కర్త ఉన్నాడు, కోటకు కర్త ఉన్నాడు, చెరువుకు కర్త ఉన్నాడు. ధర్మవరం చెరువు సంగతే తీసుకోండి. క్రియాశక్తి ఒడయరు తవ్వించినాడనీ, తల్లి ధర్మాంబ పేరుమీద ఊరు వెలిసిందనీ అక్కడి మగ్గం గుంటలో కూర్చున్న పిల్లవాడు కూడా చెప్పగలడు. పెనుకొండ కోట ఉత్తర ద్వారం దగ్గర బుక్కరాయల కాలం నాటి శాసనం 1354వ సంవత్సరంలో ఎవరి ఏలుబడిలో పని జరిగిందో రాయిమీదనే చెక్కి చెప్తున్నది. ఇట్లా రాతిమీద రాసి పెట్టుకునే అలవాటున్న సీమలో పుస్తకాలు పెట్టుకునే ఇంటికి మాత్రం పుట్టుపూర్వోత్తరాలు అక్కరలేకపోయినాయి!

ఈ సావనీర్‌లో ఎవరైనా ప్రేమ కవిత్వం రాస్తారు, ఎవరైనా నిరుద్యోగం మీద రాస్తారు. రెండూ కావలసినవే. నేను మాత్రం ఈ లైబ్రరీ ఇంటి సంగతి రాద్దామనుకున్నాను. చప్పగా ఉందనిపిస్తే పేజీ తిప్పేయండి, నాకేమీ బాధ లేదు.

మొదట పెద్ద కథ కొంచెం. ఆంధ్రదేశంలో గ్రంథాలయం అనేది ప్రభుత్వం ఇచ్చిన వరం కాదు. 1886లో విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి అనే ఆయన మొదలుపెట్టిన దానితో ఈ చరిత్ర ఎత్తుకుంటారు. తర్వాత రాజమండ్రి, హైదరాబాదు, బెజవాడ. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో ఒక గ్రంథాలయం పెట్టి, దానికి పేరు వెతుక్కుంటే కొమర్రాజు లక్ష్మణరావుగారికీ, ఆయన మిత్రులకూ దొరికిన పేరు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం. నైజాం రాజధానిలో కూర్చుని వాళ్ళు తలచుకున్నది మన రాయలను! ఆ రాయలకు పెనుకొండ రెండో రాజధాని వంటిది. 1565లో రక్కసి తంగడి యుద్ధం పోయినాక తిరుమలరాయలు మిగిలిన రాజ్యాన్ని మూటగట్టుకుని వచ్చింది కూడా ఇక్కడికే. అంటే పేరు మనది, పుస్తకాలు అక్కడ.

1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులుగారు. వెనకనుండి నడిపినది అయ్యంకి వెంకటరమణయ్యగారు. ఆ సంఘాన్ని తర్వాత ఏళ్ళ తరబడి భుజాన మోసినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. ఈ చివరి పేరు దగ్గర కాస్త ఆగండి. ఆయన కర్నూలులో పుట్టినవారు, మన సీమవారు. 1908లో స్వరాజ్య పత్రికలో రాసిన రాతకు జైలుకు పోయినవారు. జైలునుండి బయటికి వచ్చినవారు సాధారణంగా ఎన్నికలకు పోతారు, ఈయన ఊరూరా లైబ్రరీలు పెట్టండని తిరిగినారు. దత్తమండలం అనే బానిస పేరు వదిలి రాయలసీమ అనే పేరు పెట్టుకున్న 1928 నంద్యాల సభ మనకు తెలుసు. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారు అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పిన అయ్యవారని కూడా తెలుసు. అయితే అదే తరం, అదే ఊపులో, చదువు రానివాడికి అక్షరమూ, అక్షరం వచ్చినవాడికి పుస్తకమూ కావాలని ఉద్యమం చేసిందనే మాట మాత్రం మన పాఠాల్లో ఒక వాక్యానికి మించదు.

ఇక్కడ నా మిత్రుడొకడు అడ్డం తగిలినాడు. "కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కాలవలుండె, పంటలుండె, చందాలు వసూలయ్యె. మనకేముండె?" అని. న్యాయమైన ప్రశ్నే. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా పడమటి డెల్టా కాలవలో పడవ మీద గ్రంథాలయం నడిపినారు. ఊరికొక రేవులో పడవ ఆగడం, జనం వచ్చి పుస్తకాలు మార్చుకోవడం! మనకు పడవ సంగతి దేవుడెరుగు, పడవ నిలిచేంత నీళ్ళు చిత్రావతిలో ఏడాదికి ఎన్ని రోజులుంటాయి? దేశంలో జైసల్మేరు తర్వాత అంత తక్కువ వాన కురిసే జిల్లా అని పేరు మోసిన జిల్లా మనది. కరువు వచ్చినప్పుడు మొదట అమ్ముడుపోయేవి ఎద్దులు, తర్వాత చెంబులు. పుస్తకాలకు చందా ఎవడిస్తాడు?

కానీ ఈ వాదం చివరిదాకా నిలబడదు. వేటపాలెం చూడండి. అది జమీందార్ల ఊరు కాదు, చేనేత ఊరు. అక్కడ 1918లో కుర్రవాళ్ళ సంఘం ఒకటి మొదలుపెట్టిన సారస్వత నికేతనం ఇవాళ పరిశోధకులు దేశదేశాలనుండి వెతుక్కుంటూ వచ్చే గ్రంథాలయం. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేసినారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. ఆ భవనం చరిత్ర వాళ్ళకు తేదీలతో సహా తెలుసు. ఎందుకు తెలుసు? అది తమదనుకున్నారు కాబట్టి. మన ధర్మవరమూ చేనేత ఊరే. ధర్మవరం పట్టుచీరకు దేశమంతా పేరుంది. మన హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు, బెల్లం మండీ, చింతపండు వ్యాపారం చిన్నవేమీ కావు. డబ్బు లేక కాదు, ఆ డబ్బుకు ఈ దారి చూపించినవాళ్ళు తక్కువై.

కడప మాటేమిటి? అది మన సీమే. బ్రౌన్ దొర ఉన్న బంగళా శిథిలమైపోయి ఉంటే, రాయదుర్గం వైపునుండి పోయి కడపలో స్థిరపడిన ఇంగ్లీషు అధ్యాపకుడు జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి, వాళ్ళనూ వీళ్ళనూ అడిగి, ఆ స్థలంలోనే సి.పి. బ్రౌన్ గ్రంథాలయం లేవనెత్తినారు. 1987లో పునాది పడితే తలుపులు తెరిచేసరికి తొంభైల నడుమ అయింది. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి పోయి భాషా పరిశోధన కేంద్రమైంది. ఒక్క మాస్టరు! ఆస్తిపాస్తులున్నవాడు కాదు, అధికారం ఉన్నవాడు కాదు. పట్టుదల ఒక్కటే. జిల్లాలో వానలు తక్కువని ఆయన ఏనాడూ ఆగలేదు.

ఇప్పుడు పెనుకొండకు వస్తాను. పుట్టపర్తి నారాయణాచార్యులవారు పెరిగింది అక్కడే. పుస్తకాల ఆకలి ఉన్న పిల్లవాడు చిన్న ఊళ్ళో ఏం చేస్తాడు? ఇంట్లో ఉన్నవి చదివేస్తాడు, తర్వాత ఎవరింట్లో ఉంటే వారింటికి పోతాడు. ఆయన ఇంగ్లీషు నేర్చుకున్నది అప్పటి సబ్-కలెక్టరుగారి భార్య పిట్ దొరసాని దగ్గర అంటారు. ఆ ఊరి శిథిలాలు చూసి పసితనంలోనే పెనుగొండ లక్ష్మి రాసినారు. ఆనక విద్వాన్ పరీక్షకు పోతే తను రాసిన పుస్తకమే తనకు పాఠ్యగ్రంథమై ఎదురుగా నిలిచిందనే ముచ్చట మన జిల్లాలో చెప్పుకోని తెలుగు మాస్టరు లేడు. మనం ఆ ముచ్చట చెప్పి చప్పట్లు కొడతాం. నాకు మాత్రం అందులో ఇంకొకటి కనిపిస్తుంది. ఆ దొరసాని మనసు మంచిది కాబట్టి ఒక పిల్లవానికి తలుపు తెరిచింది. ఆమె తెరవకపోతే? ఆ కాలంలో ఆ కొండ కింద దొరసాని గడప ఎక్కే ధైర్యం లేని, ఎక్కనివ్వని పిల్లలు ఇంకెందరో? పబ్లిక్ లైబ్రరీ అనేది ఎందుకంటే, ఇందుకు. ఎవరి దయా అక్కరలేని గడప ఊళ్ళో ఒక్కటైనా ఉండాలి.

మన తాతల కాలంలో ఈ దత్తమండలం వాళ్ళకు పబ్లిక్ లైబ్రరీ అంటే మద్రాసులోని కన్నెమరా. 1896లో తెరిచినారు. ఎంత గొప్ప భవనమో, మనకు అంత దూరం. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకమూ ఒక ప్రతి అక్కడికి చేరాలి. అంటే హిందూపురంలో ఒక కవి తన డబ్బులతో అచ్చు వేసుకున్న పుస్తకం మద్రాసులో ఉండవలసిందేనని చట్టం ఉంది. హిందూపురంలో ఉండాలని మాత్రం లేదు! ఆ కవిగారి మనుమడు చదవాలనుకుంటే రైలెక్కవలసిందే.

చట్టం మాట వచ్చింది కాబట్టి అసలు విషయానికి వస్తాను. నన్ను ఈ వ్యాసం రాయించింది రాళ్ళు కాదు, ఒక రశీదు.

మా నాయన ఇంటి పన్ను కట్టి వచ్చి రశీదు ఇచ్చి బీరువాలో పెట్టమన్నాడు. ఊరికే చదివితే అందులో గ్రంథాలయ పన్ను అని ఒక గడి. "ఇదేమి నాయనా?" అంటే, "ఏమో, వాళ్ళు వేస్తారు, మనం కడతాం" అన్నాడు. లైబ్రరీ గడప తొక్కని మనిషి మా నాయన. ముప్ఫై ఏళ్ళుగా లైబ్రరీకి డబ్బు కడుతున్నాడు. ఆయనకే తెలియదు!

ఆ పన్ను కథ ఇది. ఎస్.ఆర్. రంగనాథన్‌గారి పట్టుదల మీద మద్రాసు ప్రభుత్వం 1948లో పబ్లిక్ లైబ్రరీల చట్టం చేసింది. దేశంలో అటువంటి చట్టాల్లో మొదటి వరుసలోనిది. ఇంటిపన్ను రూపాయికి ఆరు పైలు, ఆ కాలపు పైలు, అంటే అర్ధణా, లైబ్రరీకని పక్కన పెట్టాలన్నది. అప్పుడు మన జిల్లా మద్రాసులోనే ఉంది కాబట్టి ఆ చట్టం మనకూ వర్తించింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినాక, తెలంగాణాలో ఉన్న 1955 నాటి హైదరాబాదు చట్టాన్నీ దీన్నీ కలిపి 1960లో ఒకే చట్టం చేసినారు. జిల్లా గ్రంథాలయ సంస్థలు దాని కిందివే. ఈ చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల సెస్సు. పన్ను వసూలు చేసేది మున్సిపాలిటీ, పంచాయతీ. వసూలైన సెస్సును గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. దానితోనే పుస్తకాలు, పత్రికలు, భవనాలు, మరమ్మతులు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు లైబ్రరీకి ఎనభై రూపాయలు ఇస్తున్నట్టు. ఊరంతా లెక్క వేసుకోండి. పెద్ద లెక్కలు రానివారు మీ వీధి వరకే వేసుకోండి, చాలు.

మరి ఆ డబ్బు వస్తున్నదా? ఆంధ్రదేశంలో ఏ గ్రంథాలయ సంస్థ సమావేశం వార్త చదివినా ఒక మాట తప్పకుండా ఉంటుంది: స్థానిక సంస్థలనుండి రావలసిన సెస్సు బకాయిలు. వీధిదీపాలకు, కాలవలకు, జీతాలకు ముందు వాడుకుంటారు, లైబ్రరీది తర్వాత చూద్దాం అంటారు. కాలవలు ముఖ్యం కాదని నేను అనను, దోమలు నన్నూ కుడతాయి. కానీ విరూపణ్ణ కథ మళ్ళీ చదవండి. ఒక పద్దు సొమ్ము ఇంకో పద్దుకు పెట్టినందుకు గదా ఆయన కళ్ళు పోయింది! పాపం ఆయన కనీసం లేపాక్షి అంతటిది చూపించినాడు. మన కాలపు విరూపణ్ణలు ఏం చూపిస్తారు?

ఇదంతా తెలిసినాక ఒక ఊరి లైబ్రరీ భవనం చరిత్ర తీద్దామని బయలుదేరినాను. ఊరి పేరు చెప్పను. చెప్తే అక్కడ మంచితనంగా సహాయం చేసిన మనిషికి మాట వస్తుంది. పాతకాలపు ఇల్లు, సున్నపు గోడలు, మద్దె మిద్దె. వానకు ఒక మూల కారి అక్కడి అల్మరా ఇటువైపు జరిపినారు. ఆ అల్మరాలో ఉండవలసిన పుస్తకాలు గోనెసంచుల్లో. తాళం తీసేదీ ఆయనే, ఊడ్చేదీ ఆయనే, పుస్తకం ఇచ్చేదీ ఆయనే. "ఏం సార్, ఏం పుస్తకం కావాల?" అన్నాడు. పుస్తకం కాదు, ఈ ఇంటి సంగతి కావాలంటే నన్ను ఎగాదిగా చూసి, "కేసా?" అన్నాడు. ఇంటి చరిత్ర అడిగేవాడు కోర్టు నుండి రావాల్సిందే తప్ప కాలేజీనుండి వస్తాడని ఆయన అనుకోలేదు.

ఆఫీసుకు పోతే ఫైలు లేదన్నారు. ఉంటే ఇంకో ఆఫీసులో ఉంటుందన్నారు. అక్కడికి పోతే మొదటి ఆఫీసులోనే ఉంటుందన్నారు. మూడో రోజుకు ఊరుకున్నాను. కానీ లైబ్రరీ లోపల, గోనెసంచుల్లో, చరిత్ర ఉంది. పాత పుస్తకం ఏది తెరిచినా మొదటి పేజీలో ఒక రబ్బరు స్టాంపు. కొన్నింటిలో జిల్లా సంస్థ స్టాంపు, కొన్నింటిలో దానికి ముందున్న ఏదో భజన సంఘం పేరు, కొన్నింటిలో దాత పేరు చేతిరాతతో: తన తల్లి జ్ఞాపకార్థం ఇస్తున్నానని. ఒక పుస్తకంలో కన్నడం స్టాంపు. మన సరిహద్దు ఊళ్ళలో అది వింత కాదు. మడకశిర, హిందూపురం వైపు ఒకే ఇంట్లో అక్క తెలుగు బడికీ, తమ్ముడు కన్నడ బడికీ పోయిన రోజులున్నాయి. రిజిస్టరులో పుస్తకాలు చేరిన వరుస చూస్తే, ఏ ఏడు ఊరికి డబ్బుందో, ఏ ఏడు లేదో కరువుల పట్టికలాగా తెలిసిపోతుంది. కొన్నేళ్ళు పేజీల కొద్దీ పుస్తకాలు. తర్వాత రెండు మూడేళ్ళు ఒక్కటీ లేదు.

అక్కడ రోజూ పేపరు చదవడానికి వచ్చే ఒక రిటైర్డు మాస్టరు నన్ను రెండు రోజులు గమనించి మూడో రోజు పిలిచినాడు. "ఏం నాయనా, ఎవరి పిల్లోడివి?" అన్నాడు. చెప్పినాను. "ఈ గోడకు రాళ్ళు యాడివనుకున్నావు? మా నాయన బండి కట్టి తోలినాడు. కూలి తీసుకోలేదు. ఆయనకు చదువు రాదు. మేమైనా చదువుతామని" అన్నాడు. ఎవరెవరు బండ్లు తోలినారో తొమ్మిది పేర్లు చెప్పినాడు. స్థలం ఇచ్చిన కోమటి సెట్టి పేరు, సున్నం గానుగ ఆడించిన వాడి పేరు, తలుపులు చేసిన ఆచారి పేరు. ఏ శిలాఫలకం మీదా లేని పేర్లు. గోడమీద ఉన్న ఒకే ఒక ఫలకం మీద మాత్రం, చివరిసారి సున్నం కొట్టించినప్పుడు రిబ్బను కత్తిరించిన వారి పేరుంది.

నాకు కోపం వచ్చింది, ఎందుకు దాచాలి. అయితే ఆ కోపంలో సగం నామీదే. ఆ మాస్టరు ఎనభై దాటినవాడు. నేను ఇంకో రెండేళ్ళు ఆలస్యంగా పోయి ఉంటే ఆ తొమ్మిది పేర్లూ ఆయనతోనే పోయేవి.

నా మిత్రుడు ఇక్కడ ఇంకోసారి అడ్డం వచ్చినాడు. వాడిది పదునైన బుర్రే. "ఫోనులో పుస్తకాలన్నీ ఉన్నాయి గదా, ఇంక ఈ సున్నపు గోడలెందుకు? చరిత్ర కావాలంటే ఫోటో తీసి పెట్టుకో" అన్నాడు. నేను వాణ్ణి ఆ లైబ్రరీకే తీసుకుపోయినాను. సాయంత్రం ఆరు గంటలు. బల్లలకు ఇరువైపులా కూర్చున్న వాళ్ళందరూ ఏ కానిస్టేబులు పరీక్షకో, గ్రూపు పరీక్షకో చదువుకునే పిల్లలు. ఫోను లేక కాదు, ప్రతివాడి జేబులోనూ ఉంది. ఇంట్లో ఒకే గది, అందులో టి.వి., అందులోనే మగ్గం. మగ్గం చప్పుడులో లెక్కలు చేయలేక వచ్చినవాడు ఒకడు. ఆడపిల్లలు ఇద్దరు, తలుపు దగ్గర. ఏడింటికల్లా లేచి పోవాలి, లేకపోతే ఇంట్లో మాట. వాళ్ళకు కావలసింది పుస్తకం ఒక్కటే కాదు. నాలుగు గోడలు, ఒక బల్ల, ఒక దీపం, ఎవరూ లేపని కుర్చీ. అది ఫోనులో ఎట్లా వస్తుంది?

రంగనాథన్‌గారు 1931లో తన అయిదు సూత్రాలు రాసినప్పుడు, పుస్తకాలు వాడుకోవడానికే అనే మొదటి సూత్రం కిందనే భవనం ఎక్కడ ఉండాలి, ఎన్ని గంటలు తెరవాలి, కుర్చీలెట్లా ఉండాలి అనేవన్నీ పెట్టినారు. ఆయన లెక్కల మాస్టరు, ఊరికే ఏదీ పెట్టడు. జనం తిరిగే చోట దుకాణం ఉన్నట్టు లైబ్రరీ ఉండాలి, ఊరి బయట కాదు. మన ఊళ్ళలో పాత లైబ్రరీలు సరిగ్గా ఊరి నడుమ పడింది అందుకే కావచ్చు, లేదా ఆ కాలపు దాతలకు ఆ మాత్రం తెలివి సహజంగానే ఉండి ఉండవచ్చు. ఇప్పుడు అదే ముప్పుగా మారింది. ఊరి నడుమ స్థలం అంటే బంగారం. పాత కట్టడం కూలిపోయేటట్టు ఉందని ఒకరంటారు, కాంప్లెక్సు కడితే బాడుగ వస్తుందని ఇంకొకరంటారు, లైబ్రరీకి పై అంతస్తులో గది ఇస్తామని మూడోవారంటారు. ముసలివాళ్ళు పేపరు చదవడానికి పై అంతస్తుకు ఎక్కుతారా అని అడిగేవారుండరు. అడగాలంటే, ఈ స్థలం ఎవరిచ్చినారు, ఏ షరతు మీద ఇచ్చినారు అనే కాగితం చేతిలో ఉండాలి. చరిత్ర కావాలని నేను అనేది గొప్పలు చెప్పుకోవడానికి కాదు. రిజిస్ట్రారు ఆఫీసులో ఆ దానపత్రం నకలు దొరికిందనుకోండి, అందులో గ్రంథాలయం నిమిత్తం అనే రెండు మాటలుంటే చాలు. ఆ రెండు మాటలు ఒక గోడను నిలబెడతాయి.

అమెరికాలో కార్నెగీ అనే ఉక్కు వ్యాపారి ప్రపంచం మీద రెండున్నర వేలకు పైగా లైబ్రరీ భవనాలు కట్టించినాడు. కార్మికుల సమ్మె అణచినవాడనే పేరూ ఆయనకుంది, అది వేరే వ్యాసం. భవనానికి డబ్బు ఇచ్చేముందు ఆయన ఊరిని రెండు అడిగేవాడు. స్థలం మీరివ్వాలి, భవనానికి అయిన ఖర్చులో పదో వంతు ఏటా మీ పన్నులోనుండి నిర్వహణకు ఇవ్వాలి. కట్టడం ఒకరోజు పని, నడపడం రోజూ పని అని ఆయనకు తెలుసు. మన దేశంలోనే బరోడా మహారాజు శాయాజీరావు 1910లో అమెరికానుండి బోర్డెన్ అనే నిపుణుణ్ణి పిలిపించి ఊరూరా లైబ్రరీలు పెట్టించినప్పుడు, ఖర్చులో ఊరివాళ్ళు కొంత వేసుకుంటే సర్కారు కొంత వేస్తుందనే పద్ధతి పెట్టినాడు. మనకు 1960 చట్టంలో ఉన్నది కూడా ఒక రకంగా అదే. ఊరివాళ్ళం మన వంతు వేస్తూనే ఉన్నాం, రూపాయికి ఎనిమిది పైసలు. 1972లో కలకత్తాలో పెట్టిన రాజా రామమోహన్‌రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ రాష్ట్రం తన వాటా ఇస్తే తన వాటా కలుపుతుంది, పుస్తకాలకూ భవనాలకూ కూడా. అడిగినవాడికి పెడతారు. అడగాలంటే మన దగ్గర ఏముందో ముందు మనకు తెలియాలి గదా.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ అనంతపురం నుండి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినాయి. 1882లో బళ్ళారి నుండి అనంతపురం విడిపోయినప్పుడు ఎన్ని కాగితాలు బళ్ళారిలో మిగిలిపోయినాయో చరిత్ర విద్యార్థులకు తెలుసు. జిల్లా చీలినప్పుడు కుర్చీలు, బల్లలు జాగ్రత్తగా లెక్కపెట్టి పంచుకుంటారు, పాత రిజిస్టర్లు మాత్రం చెదలకు వదిలేస్తారు. అందుకే ఈ పని ఇప్పుడే చేయాలంటున్నాను.

పెద్ద పనేమీ కాదు. సంఘం ఎన్నికలప్పుడు గోడలమీద రాతలు రాసే శక్తిలో పదో వంతు చాలు. మన కాలేజీకి ఈ మూడు ఊళ్ళ నుండీ పిల్లలు వస్తున్నారు. ఊరికి ముగ్గురు చొప్పున. ఒకరు రిజిస్ట్రారు ఆఫీసులో స్థలం తాలూకు ఇ.సి.కి దరఖాస్తు పెట్టాలి, సమాచార హక్కు చట్టం 2005 నుండి చేతిలో ఉంది, సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ అయింది అని అదే చేత్తో అడగాలి. ఇంకొకరు లైబ్రరీలో పాత పుస్తకాల మొదటి పేజీల స్టాంపులు వరుసగా రాసుకోవాలి. మూడోవారు, మాటకారి అయినవారు, పేపరు బల్ల దగ్గర కూర్చునే తాతల దగ్గర కూర్చోవాలి. ఈ మూడో పనే అన్నింటికన్నా తొందరది. ఆనక ఈ సావనీర్‌లోనే వచ్చే సంచికలో నాలుగు పేజీలు వాటికి వదిలితే, ఒకటి రెండు ప్రేమ కవితలు ఆగినా కొంప మునగదు. కవులు నన్ను క్షమించాలి, వారిలో ఇద్దరు నా రూమ్మేట్లు.

నేను పోయిన ఊరి భవనానికి ఆ మాస్టరు చెప్పిన తొమ్మిది పేర్లూ ఒక తెల్ల కాగితం మీద రాసి, లైబ్రరీలో తాళం తీసే ఆయనకు ఇచ్చినాను. ఆయన చదువుకుని, మూడో పేరు దగ్గర ఆగి, "ఈయప్ప మా మామకు నాయన" అన్నాడు. గ్లాసు పలక కింద, నియమాలు రాసిన కాగితం పక్కన పెట్టినాడు. పోయిన వారం మళ్ళీ పోతే ఆ కాగితం అక్కడే ఉంది. కింద ఎవరో వేరే చేతిరాతతో పదో పేరు రాసినారు.